నల్లచెవికి పచ్చబొట్టు

చిట్టా 1. ఎండ పొడిచిన రోజు

ఇది రాయకూడదనే అనుకున్నాను. పనిచేసే ప్రతి మనిషీ తన పని గురించి చిట్టా రాసిపెట్టాలని పంచాయితీవాళ్ళు అన్నారు. నా పని కుక్కపిల్లల చెవుల్లో పచ్చబొట్లు పొడవడం. దాని గురించి రాసేదేముంది? పిల్ల వచ్చింది, పొడిచాను, కుయ్యిమంది, ఎండుచేప ముక్క పెట్టాను, ఊరుకుంది. ఇంతే. నేను రాయనని బిగుసుకుని కూర్చుంటే మా ఆవిడ నూకాలు అంది:

"రాయవయ్యా పైడయ్యా. రాస్తే నీ కబుర్లు కాగితానికి పోతాయి. నేకపోతే నా చెవిలోనే కదా పొడుస్తావు!"

అందుకని రాస్తున్నాను. బడికి వెళ్ళింది తక్కువ. గాలి గొట్టాల మీద ఉండే హెచ్చరికలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఏ వాక్యం రాసినా చివర "జాగ్రత్త" అని పెట్టాలనిపిస్తుంది.

మా ఊరు గుంటపాలెం. చందమామ మీద, రాతి సొరంగాల్లో ఉంటుంది. పేరు పెట్టిన పెద్దాయన గుంట అంటే గొయ్యి అనే అనుకున్నాడు. మా విజీనారం వైపు గుంట అంటే ఆడపిల్ల. మొదటి ఓడలో వచ్చిన మావాళ్ళు బోర్డు చదివి, ఇదేదో ఆడపిల్లల ఊరులా ఉందిరా అని గబగబా జుట్లు దువ్వుకున్నారట. దిగి చూస్తే నిజంగానే గోతులు. అది వేరే కథ.

ఇవాళ్టి సంగతి. ఎండ పొడిచింది. ఇక్కడ ఒకసారి పొడిస్తే రెండు వారాలు వాలదు. పొద్దున్నే లేచానని ఎవరూ గొప్పలు చెప్పుకోడానికి వీల్లేని ఊరు మాది. మా కుక్క బొబ్బిలి కన్న ఆరు పిల్లలకీ నెల దాటింది. బరువు తక్కువ చోటు కదా, పిల్ల తుమ్మితే వెనక్కి పల్టీ కొడుతుంది. తోక ఊపితే నడుం లేస్తుంది. సంతోషం పట్టలేక గెంతితే కప్పుకి తగులుతుంది. అందుకని కప్పు కింద వల కట్టాం. వలకి పట్టుకు వేలాడేవాటిని మామిడికాయలు కోసే చిక్కంతో కోసుకోవాలి. నూకాలు ఇవాళ నాలుగింటిని కోసింది.

"ఏది పండిందో ఏది పచ్చిదో తెలీడం నేదు" అంది.

చిట్టా 2. ఇంకో రోజు, అదే ఎండ

ఈ పని ఎందుకొచ్చిందో రాయమని పంచాయితీ కబురు. సరే.

ఇక్కడ కుక్కల్ని ముద్దు కోసం పెంచం. కొంచెం ముద్దుకీనూ. సొరంగం గోడలో వెంట్రుకంత చీలిక పడితే గాలి బయటికి పారిపోతూ ఈల వేస్తుంది. ఆ ఈల మన చెవికి అందదు, కుక్క చెవికి అందుతుంది. యంత్రాలూ వింటాయి. కానీ యంత్రం వచ్చి లుంగీ పట్టుకుని లాగదు. అందుకే సొరంగం సందుల్లో తిరుగుతూ చీలికలు వెతికే సందు కాపరులందరికీ తలా ఒక కుక్క ఉంటుంది. కుక్కకి మనిషిలాగే గాలి వాటా ఉంటుంది. వాటా ఉందంటే ఏ కుక్క ఏదో తెలియాలి.

మొదట్లో చర్మం కింద మెతుకంత చిప్పు పెట్టేవాళ్ళు. ఒకసారి సూర్యుడు గట్టిగా తుమ్మాడు. చదువుకున్నవాళ్ళు దానికి పెద్ద పేరే చెప్పారు గానీ నాకు తుమ్మే గుర్తుంది. ఆ తుమ్ముకి చిప్పులన్నీ చచ్చాయి. తెల్లారేసరికి, అంటే తెల్లారేదేమీ లేదనుకోండి, ఊళ్ళో ఏ కుక్కకీ పేరు లేదు, ఇల్లు లేదు. రెండిళ్ళవాళ్ళు ఒకే కుక్కని పట్టుకుని నాదంటే నాదని కొట్లాడారు. తీర్పు కుక్కకే వదిలేశాం. అది ఎండుచేపల వాసన వస్తున్న మూడో ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

తరవాత మెడపట్టీలు కట్టాం. పట్టీ ఏ మెడకైనా పడుతుంది. ఒక పెద్దమనిషి దాన్ని తన పిల్లికి కట్టి గాలి వాటా అడిగాడు. పరీక్షలో ఆ పిల్లి మొరగడానికి ప్రయత్నించిందని చెప్పుకుంటారు. నేను నమ్మను.

అప్పుడు నన్ను పిలిచారు. నేను గొట్టాల మీద నంబర్లు పొడిచేవాణ్ణి. చెవి గొట్టంకన్నా మెత్తన, అంతే తేడా. సూదుల్ని అక్షరాల్లా అమర్చిన పటకారు ఒకటి చేసుకున్నాను. డాక్టరమ్మ చెవికి మొద్దుబారే మందు రాస్తుంది. నేను ఒక్క నొక్కు నొక్కి, మసిసిరా రుద్దుతాను. తల్లి పేరులో మొదటి అక్షరం, పక్కన పిల్ల అంకె. చెవి ఉన్నంతకాలం ఉంటుంది. సొరంగం గుమ్మాలకి ఒక్కొక్క కన్ను ఉంది. కుక్క చెవి చూపిస్తే కన్ను చదివి తలుపు తీస్తుంది.

మొదటిసారి పొడిచినప్పుడు పిల్ల ఒకటే గింజుకుంది. "ఎవరైనా దీన్ని మేనమామలాగా ఒళ్ళో పెట్టుకోండర్రా!" అని అరిచాను. చెవులు కుట్టేటప్పుడు బిడ్డని మేనమామ ఒళ్ళో కూర్చోబెడతాం కదా, ఆ ఊపులో అన్నాను. ఊరు దాన్ని పట్టుకుంది. ఇప్పుడు ఏ పిల్లకి పొడవాలన్నా ఒక మేనమామ ఒళ్ళు కావాల్సిందే. ఆ ఒళ్ళు ఎవరిదైతే వాళ్ళే ఆ కుక్కకి బతికినంతకాలం మేనమామ. చందమామ మీద ఉన్నవాళ్ళం, మామ లేకుండా ఏ పనీ చెయ్యలేం.

చిట్టా 3. చిక్కొచ్చింది

ఆరు పిల్లల్లో అయిదు ఇటుకరంగువి. గులాబీ చెవులు, దీపం పెడితే అవతలికి కనిపించేంత పల్చన. ఆరోది ఆడపిల్ల, నేరేడుపండు నలుపు. మా ఊళ్ళో ఇన్నాళ్ళూ నల్లకుక్క పుట్టలేదు. క్రితంసారి సరుకు ఓడ ఆగినప్పుడు దాని వంటవాడి కుక్క, బొగ్గులాంటిది, కిందికి దిగింది.

"ఓడ ఆగింది ఒక్క పూటే కదా" అన్నాను.

"బొబ్బిలికి పూట చాలదేటి?" అంది నూకాలు.

నల్లచెవికి నల్లసిరా. పొడిచి లాభమేముంది? చీకట్లో కాటుక కోసం వెతుక్కున్నట్టే.

గాలి లెక్కలు చూసే ఫణిభూషణ్ గారు వచ్చారు. మంచి మనిషి, కుక్కలంటే భయం. గుమ్మంలోనే నిలబడి మాట్లాడతారు. "పైడయ్యగారూ, ఎండ వాలే రోజుకి వాటాలు రాయాలండీ. గుమ్మం కన్ను చదవలేని కుక్కకి ఇక్కడ వాటా ఇవ్వలేనండి. అదే రోజు ఓడలో పెద్దగుంట ఊరికి పంపెయ్యాలి. అక్కడ బాగానే చూస్తారండీ, తిండి పెడతారు."

"అక్కడ కొట్టంలో కట్టేస్తారు బాబూ. సందుల్లో తిప్పరు."

"రూల్ నేను పెట్టింది కాదండీ" అన్నారాయన. అప్పుడే ఒక పిల్ల కప్పు మీంచి ఆయన భుజం మీద వాలింది. ఆయన కళ్ళు మూసుకుని, "తియ్యండి, తియ్యండి" అన్నారు.

పొట్ట మీద పొడిస్తేనో అంది నూకాలు. గుమ్మం కన్ను చెవినే చూస్తుందట. చూసినా ఉపయోగం లేదు. పిల్ల పొట్టా నలుపే, నాలుకా నలుపే, అరికాళ్ళూ నలుపే. దేవుడు రంగు డబ్బాలో ముంచి తియ్యడం మరిచిపోయినట్టుంది.

పోనీ పెద్దగుంటకే పోనిద్దామంటే కుదరదు. కనకం ఉంది. పేరు కనకమాలక్ష్మి, మూడో సందు కాపరి. నలభై దాటాయి, నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. నన్ను బాబాయ్ అంటుంది, నూకాలుని పిన్నీ అంటుంది. ఆమె కుక్క భీముడికి వయసు మీదపడి చెవుడొచ్చింది. కుక్క లేని కాపరిని సందుల్లోకి పంపరు. కనకాన్ని ఆకుకూరల కొట్టంలో వేస్తామన్నారు. పుట్టి బుద్ధెరిగాక నడక తప్ప ఇంకోటి తెలియని మనిషి, బచ్చలి మళ్ళ ముందు కూర్చోవాలట. మిగతా అయిదు పిల్లలూ ముందే వేరే కాపరులకి మాటయిపోయాయి.

మొన్న కనకం మా ఇంట్లో కూర్చుని అదే చెప్పుకుంటోంది. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్ర. నల్లది మాత్రం లేచి వెళ్ళి, నీళ్ళ గొట్టం గోడలోకి పోయేచోట చెవి ఆనించి కూర్చుంది. కనకం వెళ్ళి అక్కడ తడి వేలు పెట్టింది. వేలు ఒకవైపు ఆరింది. సన్నటి చీలిక. పెద్ద కుక్కలకి కూడా దొరకనిది!

కనకం పిల్లని ఎత్తుకుంది. పిల్ల ఆమె ముక్కు నాకింది. "ఇది నాది బాబాయ్" అంది. ఆ పూటే నేను సిరా డబ్బాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

చిట్టా 4. నా మోచెయ్యి

రంగులు ప్రయత్నిస్తున్నాను. పిల్ల చెవి మీద ప్రయోగాలు చెయ్యను, నా మోచెయ్యి ఉంది. అది నల్లచెవికేమీ తీసిపోదు. తెల్లసిరా పొడిచాను. బూడిదలా తేలి మసకబారింది. పసుపు పొడిచాను. రెండు స్నానాలకి కాశీకి పోయింది. ఎరుపు పొడిచాను. అది నిలిచింది గానీ ఎండిన పుండులా కనబడింది. గుమ్మం కన్నుకి చూపిస్తే తలుపు తియ్యకుండా డాక్టరమ్మకి కబురు పెట్టింది. ఆవిడ సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, నన్ను తిట్టి, మోచేతికి కట్టు కట్టి వెళ్ళింది.

"ఈ వయసులో ఒంటి నిండా రంగుముగ్గులు! నడిచొస్తంటే సంకురాత్రి గంగిరెద్దులాగున్నావు" అంది నూకాలు.

ఓడ వచ్చేసింది. సరుకు దింపుతున్నారు. కనకం రోజూ వచ్చి పిల్లతో ఆడి, నన్నేమీ అడగకుండా వెళుతోంది. అడిగితే బాగుండును.

చిట్టా 5. అంబలి తాగుతుండగా

ఇవాళ కనకం మాతోనే తింది. నూకాలు చోళ్ళ అంబలి, అదే రాగి అంబలి, వడ్డిస్తోంది. ఆమె మణికట్టు మీద చిన్న తేలు బొమ్మ ఉంటుంది. దాన్ని చూసి కనకం అడిగింది.

"పిన్నీ, చేతిమీద ఆ నల్ల బొమ్మేంటి? పురుగా?"

"పురుగేటే! తేలు. నల్లదేటి, పచ్చబొట్టు కదే అది. సిన్నప్పుడు తీర్థంలో మా అమ్మమ్మ పొడిపించింది. నాను ఏడిస్తే జీళ్ళు కొనిపెట్టింది."

నేను గిన్నె కింద పెట్టాను.

పచ్చబొట్టు. ఆ మాట నేను రోజుకి ఎన్నిసార్లు అంటానో. నా పనికి పేరే అది. నా గది తలుపు మీద నా చేత్తోనే రాసుకున్నాను. నల్లసిరాతో పొడుస్తూ పచ్చబొట్టు అంటున్నానేమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు. దీపం దగ్గరికి లాక్కెళ్ళి నూకాలు చెయ్యి చూశాను. మసి చర్మం కిందికి దిగి పచ్చగా తేలుతుంది. అందుకే ఆ పేరు. గులాబీ చెవిలో మసి తేలుతుంది, నల్లచెవిలో మునుగుతుంది. మరి అసలు పచ్చనే పెడితే?

"ఇన్నాళ్ళకి నా సెయ్యి పట్టుకున్నాడు, అదీ తేలు కోసం" అంది నూకాలు కనకంతో.

"పచ్చ కావాలి" అన్నాను.

"ఆకు పసరా?" అంది కనకం.

"ఆకు వెలిసిపోతుందమ్మా. రాయి వెలవదు. రాతి పచ్చ కావాలి. ఎక్కడుంది రాతి పచ్చ?"

"నీ గెడ్డం కత్తి తోలుకి రోజూ రాసేదేటి మరి?" అంది నూకాలు, చేప ముల్లు తీస్తూ, తల కూడా ఎత్తకుండా.

నిజమే. తోలుకి రాసే పచ్చముద్ద. దాన్ని నాకిచ్చింది అద్దాల కొట్టంవాళ్ళు. బయటి ఎండని సొరంగంలోకి మళ్ళించే పెద్ద అద్దాలని ఆ పచ్చపొడితోనే నునుపు చేస్తారు. ముద్దలో మైనం ఉంటుంది, పనికిరాదు. కొట్టంలో పొడి శుద్ధంగా ఉంటుంది. నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే అంగకో బారు. తలుపు చోట ఆగలేక అద్దాల మేస్త్రీ మీద పడ్డాను.

డాక్టరమ్మ పొడిని పరీక్ష చేసి, వేడిలో శుద్ధి చేసి, పరవాలేదంది. మోచేతి మీద ఇంకో చోటు వెతుక్కుని పొడిచాను.

చిట్టా 6. బారసాల

పచ్చ నిలిచింది! స్నానానికి పోలేదు, గోకితే పోలేదు, నూకాలు పీచుతో రుద్దినా పోలేదు. నా మోచేతి నలుపు మీద వరిమడిలా మెరుస్తోంది.

ఇవాళ ఆరు పిల్లలకీ బారసాల చేశాం. మనుషులకైతే ఇరవయ్యొకటో రోజు. కుక్కలకి చెవులు నిలబడ్డ రోజు. ఆడవాళ్ళు పాటలు పాడారు. పాట పైకి వెళ్ళినప్పుడల్లా పిల్లలు కూడా పైకి వెళ్ళాయి. ఒకరు చిక్కం పట్టుకుని పాడాల్సి వచ్చింది.

పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయడం ఆనవాయితీ. బియ్యం ఇక్కడ బంగారం కనక చోళ్ళు పోశాం. కనకం వేలితో "నేరేడు" అని రాసింది. నల్లపిల్ల ముందుకొచ్చి "డు" తినేసింది.

పొడవడానికి కూర్చున్నాం. నేరేడు మేనమామ ఎవరన్నారు. "నేనే" అంది కనకం.

"ఆడమనిషి మేనమామ ఎలా అవుతుందమ్మా? మేనత్త అవుతుంది" అన్నాడు అద్దాల మేస్త్రీ. "మేనత్త ఒళ్ళో చెవి కుట్టించడం నేనెక్కడా వినలేదు."

"కుక్కకి బారసాల ఎక్కడ విన్నావురా?" అంది నూకాలు. "ఒళ్ళుందా నేదా? ఉంది. కూర్చోవే కనకం."

కనకం కూర్చుంది. నేరేడు నొక్కు పడ్డప్పుడు కూడా కదల్లేదు. పైగా నా పటకారు మర శబ్దానికి తల వంచి, ఇదేదో నూనె అడుగుతోంది చూసుకో అన్నట్టు నా మొహంలోకి చూసింది. నల్లచెవిలో పచ్చగా "బొ 6". ఊరంతా క్యూ కట్టి ఆ చెవి చూసింది.

అయిదో పిల్ల దగ్గర చిక్కు. దాని మేనమామ కావలసిన వాడు పనిలోంచి రాలేదు. ఒళ్ళు ఒకటి తక్కువ. నూకాలు గుమ్మం వైపు చూసింది. అక్కడ ఫణిభూషణ్ గారు ఎప్పట్లాగే లోపలికి రాకుండా నిలబడ్డారు.

"బాబూ, రండి."

"నేనా? అమ్మగారూ, నాకు కుక్కలంటే..."

"పిల్ల కదా బాబూ, ఇంకా కుక్క అవ్వనేదు. కూకోండి."

ఆయన కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. పిల్లని ఒళ్ళో పెట్టాం. నేను నొక్కాను. పిల్ల కుయ్యిమని, వెచ్చగా ఆయన పంట్లాం తడిపింది. ఫణిభూషణ్ గారు ఒక కన్ను తెరిచి, "అయిపోయిందాండీ?" అన్నారు.

"అయిపోయింది. మేనల్లుడు మామ ఒళ్ళు తడిపితే మామకి మంచిది."

"అలా ఎక్కడుందండీ?"

"మా వైపు ఉంది" అన్నాను. లేదు. ఇప్పుడు ఉంది.

ఆయన తడిసిన పంట్లాంతోనే పిల్లని ఇంటికి పోయేదాకా దించలేదు.

చిట్టా 7. ఎండ వాలే రోజు

వాటాల రోజు. మూడో సందు గుమ్మం దగ్గర ఊరంతా చేరింది. అవతల ఓడ తలుపు ఇంకా తెరిచే ఉంది. అయిదు పిల్లలూ వరసగా చెవులు చూపించాయి. కన్ను చదివింది, తలుపు తీసింది, మూసింది. అయిదోదాన్ని ఫణిభూషణ్ గారే ఎత్తుకుని చూపించారు.

నేరేడు వంతు. కనకం చెవి ఎత్తి పట్టింది. కన్ను చూసింది. ఎర్ర దీపం.

మళ్ళీ పట్టింది. ఎర్ర దీపం.

ఫణిభూషణ్ గారు తెర మీద చదివి మెల్లగా చెప్పారు: "బొ వరకూ చదువుతోందండీ. అంకె తెలియడం లేదంటోంది. అలాంటి కుక్క లేదంటోంది."

కనకం పిల్లని గట్టిగా హత్తుకుంది. నేను నా మోచెయ్యి చూసుకున్నాను, పచ్చ పచ్చగానే ఉంది. మరి చెవిలో ఏమైంది? ఓడవాళ్ళలో ఒకడు గంట కొట్టాడు. ఫణిభూషణ్ గారు వాళ్ళ వైపు తిరిగి, "ఓడ తలుపు వేసేదాకా నాకు వేరే పనేమీ లేదండీ. చూడండి, మళ్ళీ చూడండి" అన్నారు.

నూకాలు నెమ్మదిగా అడిగింది. "ఏ సెవి సూపిస్తన్నారు?"

"కుడి చెవి. దాంట్లోనే కదా పొడిచాను!"

నూకాలు తల గోక్కుంది. "ఊరంతా ఆ సెవినే సూసి సూసి పోయారు. ఒకటే దిష్టి. బయల్దేరేటప్పుడు నాను అక్కడ కాటుక సుక్క ఎట్టాను."

"ఎక్కడ?"

"ఆ ఆరు మీద."

నల్లచెవి మీద నల్లచుక్క! మాలో ఒక్కరికీ కనబడలేదు. కనబడింది గుమ్మం కన్నుకే, అదీ ఆరు కనబడకపోవడంగా కనబడింది.

ముందు మేస్త్రీ నవ్వాడు. తరవాత ఊరంతా నవ్వింది. కనకం ఏడుస్తూ నవ్వింది. నవ్వు ఊపుకి నలుగురు నేల విడిచారు. నూకాలు మాత్రం నవ్వకుండా చీర చెంగు నోట తడిపి, చెవి తుడిచింది. కనకం పిల్లని ఎత్తింది. కన్ను చూసింది.

తలుపు తెరుచుకుంది. నేరేడు లోపలికి గెంతింది. ఎక్కువ గెంతింది, సందు కప్పుకి తగిలి కిందికి తేలుతూ వచ్చింది. కనకం వెనకే వెళ్ళింది. ఫణిభూషణ్ గారు వాటా రాశారు. ఓడ వెళ్ళిపోయింది.

సాయంత్రం కనకం పిల్లని తీసుకుని అంబలికి వచ్చింది. నూకాలు కాటుక తెచ్చి, ఈసారి దిష్టిచుక్క పిల్ల అరికాలికి పెట్టింది.

అరికాలు కూడా నలుపే, కనబడదు అన్నాను.

"దిష్టికి కనబడితే సాలు" అని ఆమె గిన్నెలు కడగడానికి వెళ్ళింది.